‘రీసెర్చ్ ఉంది’ అని పేపర్ పంపితే, అందులో ఏం చూడాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ నాన్నగారికి మోకాళ్లు అరిగాయి. షుగర్, బీపీ మాత్రలు వాడుతున్నారు. ఒక క్లినిక్ వాళ్లు స్టెమ్ సెల్ (వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు) ఇంజెక్షన్ చేయించుకోమన్నారు. బంధువు ఒకాయన మూలికల మందు తెచ్చిచ్చారు. ఇద్దరూ ‘దీనికి రీసెర్చ్ ఉంది’ అంటూ పేపర్ల లింకులు పంపారు. డాక్టర్ కాని మనిషి ఇందులో నిజమెంతో ఎలా తేల్చుకోవాలని మీరు అడిగారు.

చికిత్సా మార్గదర్శకాలు రాసేవాళ్ల కోసం ట్రయల్స్, అంటే మనుషుల మీద చేసే చికిత్సల పరీక్షలు, చదివి, ఏది ఎంతవరకు నమ్మవచ్చో రాసిపెట్టడం చాలా ఏళ్లుగా నా పని. ఆ అనుభవంతో మొదటే ఒక మాట చెబుతాను. మందు అల్లోపతీయా, ఆయుర్వేదమా, కొత్తదా, పాతదా అన్న చర్చను కాసేపు పక్కన పెట్టండి. దానివల్ల వాదనలు తప్ప తేలేదేమీ ఉండదు. ఏ పేపర్ చేతికొచ్చినా రెండు ప్రశ్నలు అడగండి: దేనితో పోల్చారు? ఏం కొలిచారు? పెద్ద ఆసుపత్రుల్లో నడిచే చికిత్సలు కూడా ఈ రెండింటి దగ్గర బోల్తాపడ్డాయి. అందుకే ఉదాహరణలు రెండు వైపుల నుంచీ ఇస్తాను.

మోకాలి నొప్పితోనే మొదలుపెడదాం. అది రోజూ ఒకేలా ఉండదు. కొన్నాళ్లు పెరుగుతుంది, కొన్నాళ్లు దానంతటదే సర్దుకుంటుంది. మనిషి కొత్త వైద్యం కోసం వెతికేది నొప్పి భరించలేని స్థాయికి చేరినప్పుడే. ఆ స్థితిలో ఏం వాడినా, ఏమీ వాడకపోయినా, కొన్ని వారాల్లో చాలామందికి ఎంతో కొంత తగ్గుతుంది. ఆ సమయంలో చేతిలో ఏ మందు ఉంటే పేరు దానికి పోతుంది. మందు మొదలుపెట్టాక మనిషి నడక మార్చుకుంటాడు, పత్యం పాటిస్తాడు, నొప్పి మాత్ర కూడా మానకుండా వేసుకుంటాడు. వీటన్నిటి లెక్కా ఆ మందు ఖాతాలోకే వెళ్తుంది. ‘మా అత్తయ్యకు తగ్గింది’ అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందో మాత్రం ఆ ఒక్క మనిషిని చూసి చెప్పలేం.

ఈ ‘దానంతటదే’ అన్న భాగం ఎంత పెద్దదో అంకెల్లో చూస్తే చాలామంది నమ్మరు. కీళ్ల గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రల మీద అమెరికాలో 1,583 మంది మోకాలి నొప్పి రోగులతో చేసిన ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. ఇరవై నాలుగు వారాల తర్వాత నొప్పి కనీసం 20 శాతం తగ్గినవారిని లెక్కపెట్టారు. గ్లూకోసమైన్ తీసుకున్నవారిలో 64 శాతం మందికి తగ్గింది. కాండ్రాయిటిన్‌తో 65.4 శాతం, రెండూ కలిపి తీసుకుంటే 66.6 శాతం. ఈ అంకెలు మాత్రమే ముద్రించి మీకు పంపితే, ముగ్గురిలో ఇద్దరికి గుణం కనిపించిందని మీరు మందుల షాపుకు బయల్దేరతారు. అదే ట్రయల్‌లో డమ్మీ మాత్ర (మందు లేని ఉత్తి మాత్ర) మింగినవారిలో తగ్గింది ఎంతమందికో తెలుసా? 60.1 శాతం. డమ్మీని స్పష్టంగా దాటింది సెలెకాక్సిబ్ అనే మామూలు నొప్పి మాత్ర ఒక్కటే, అదీ 70.1 శాతంతో.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. మోకాలిలోకి చిన్న గొట్టం పంపి లోపల కడిగి, అరిగిన ముక్కలు గీకి తీసే ఆర్థ్రోస్కోపీ ఒకప్పుడు లక్షలమందికి చేశారు. చేయించుకున్నవారు హాయిగా ఉందని చెప్పేవారు. సర్జన్లు కళ్లారా చూశామనేవారు. 2002లో హ్యూస్టన్ వైద్యులు 180 మందితో ఒక ట్రయల్ ప్రచురించారు. కొందరికి గీకి శుభ్రం చేశారు, కొందరికి కడిగారు, మిగిలినవారికి చర్మం మీద కోతలు పెట్టి కుట్లు వేసి పంపేశారు, లోపల ఏమీ చేయలేదు. ఎవరికి ఏం చేశారో రోగులకు తెలియదు. రెండేళ్లపాటు గమనించారు. నొప్పిలో, నడకలో, మెట్లెక్కడంలో ఈ గుంపుల మధ్య తేడా ఎక్కడా బయటపడలేదు. కత్తి పట్టుకున్న సర్జన్ నమ్మకానికీ రోగి సంతృప్తికీ ఎంత విలువ ఇవ్వాలో చెప్పమని ఎవరైనా అడిగితే నేను ఈ పేపరే చేతికిస్తాను.

అంటే కంట్రోల్ గ్రూప్ (పోల్చి చూడటానికి ఆ చికిత్స ఇవ్వని గుంపు) లేని పేపర్ మీకు ఎవరైనా పంపితే, ‘వందమందికి ఇచ్చాం, ఎనభైమందికి తగ్గింది’ అన్న రకంది, చదివే కష్టం కూడా పడనక్కర్లేదు. అరుదైన, ఖచ్చితంగా ప్రాణం తీసే జబ్బుల్లో మాత్రం దీనికి మినహాయింపు ఉంది. వదిలేస్తే బతకరని తెలిసినచోట కొందరు లేచి నడిచినా అది పెద్ద సాక్ష్యమే. మోకాలి నొప్పి, నడుము నొప్పి, తలనొప్పి, ఎలర్జీ, నిద్రలేమి లాంటివి ఆ కోవలోవి కావు.

కంట్రోల్ గ్రూప్ ఉందంటే సరిపోదు. ఎలాంటి కంట్రోల్ అన్నదాని దగ్గరే అసలు కిటుకంతా ఉంటుంది. జర్మనీలో నడుము నొప్పికి ఆక్యుపంక్చర్ మీద 1,162 మందితో చేసిన ట్రయల్ 2007లో వచ్చింది. ఆర్నెల్ల తర్వాత సరైన ఆక్యుపంక్చర్ చేయించుకున్నవారిలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం లాంటి మామూలు చికిత్స పొందినవారిలో 27.4 శాతం మందికే. ఆక్యుపంక్చర్ చేసేవారు ఈ రెండు అంకెలే చూపిస్తారు. మూడో గుంపు కూడా ఉంది: సంప్రదాయం చెప్పిన బిందువుల్లో కాకుండా వేరేచోట్ల, లోతుగా దించకుండా సూదులు గుచ్చినవారు. వారిలో 44.2 శాతం. ఆక్యుపంక్చర్ గిట్టనివారు మొదటి, మూడో అంకెలు చూపిస్తారు.

ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ ఇద్దరూ సగమే చెబుతున్నారు. సూది ఏ బిందువులో గుచ్చాలన్న సిద్ధాంతానికి ఈ ట్రయల్‌లో ఆధారం దొరకలేదు. ఆ ఊరట మాత్రం ఉత్తిది కాదు. మామూలు చికిత్స గుంపు ఎందుకంత వెనకబడింది? ఈ రోగులు సగటున ఎనిమిదేళ్లుగా నడుము నొప్పితో ఉన్నవారు. అప్పటికే వాడి విసిగిపోయిన చికిత్సే మళ్లీ తమకు వచ్చిందని తెలిసినవారు ‘బాగుంది’ అని చెబుతారా? నా అభిప్రాయం ఏమిటంటే, ఒక చికిత్స ‘ఏమీ చేయకపోవడం కంటే మేలు’ అని రుజువైతే అది చిన్న విషయం. ‘అచ్చం అలాగే కనిపించే డమ్మీ కంటే మేలు’ అని రుజువైతే పెద్ద విషయం. ‘ఇప్పుడున్నవాటిలో మెరుగైన చికిత్స కంటే మేలు’ అన్నదే మీ నాన్నగారికి పనికొచ్చే విషయం. పేపర్ ఈ మూడింట్లో ఏది చెబుతోందో చూడండి.

పోలికలో ఇంకో మోసం ఉంది, ఇది మరీ తెలివైనవారిని కూడా పడగొట్టింది. 1976లో స్కాట్లాండ్ సర్జన్ యూవన్ కామెరాన్, రెండు నోబెల్ బహుమతులు పొందిన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ కలిసి, విటమిన్ సి ఇచ్చిన 100 మంది క్యాన్సర్ రోగులను పాత రికార్డుల్లోని 1,000 మందితో పోల్చారు. విటమిన్ తీసుకున్నవారు సగటున నాలుగు రెట్లకు పైగా ఎక్కువకాలం బతికారని రాశారు. అయితే పాత రికార్డుల్లోని రోగులూ, ఈ వందమందీ ఒకే దశలో ఉన్నవారేనా? వీరిని ఎవరు, ఏ పద్ధతిలో ఎంచుకున్నారు? అమెరికాలోని మేయో క్లినిక్ వారు రోగులను ర్యాండమ్‌గా, అంటే చీటీలు తీసినట్టు, రెండు గుంపులుగా విడదీసి పరీక్షించారు. 1979లో తేడా లేదన్నారు. ఆ రోగుల్లో చాలామంది ముందే కీమోథెరపీ తీసుకున్నారు కాబట్టి ఇది చెల్లదని పాలింగ్ అభ్యంతరం చెప్పారు. సరేనని, కీమో తీసుకోని వందమందితో మళ్లీ చేశారు. 1985లోనూ తేడా రాలేదు. అభ్యంతరాన్ని కొట్టిపారేయకుండా దాన్నే పరీక్షకు పెట్టారు, ఈ ఉదంతంలో నాకు నచ్చేది అదే.

ఇదే పొరపాటు ప్రధాన వైద్యంలో ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు వాడే స్త్రీలకు గుండె జబ్బులు తక్కువని పెద్ద పెద్ద పరిశీలనలు చెప్పాయి. చదువూ డబ్బూ ఉన్నవారు, వ్యాయామం చేసేవారు, డాక్టర్‌ను తరచూ కలిసేవారే ఆ మాత్రలు ఎక్కువగా వాడేవారన్నది ఆ లెక్కల్లో పూర్తిగా పట్టుబడలేదు. 16,608 మంది స్త్రీలతో ర్యాండమ్ ట్రయల్ చేస్తే, 2002లో దాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. పదివేలమంది స్త్రీలు ఏడాదిపాటు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర వాడితే గుండె జబ్బు కేసులు 7, పక్షవాతం 8, రొమ్ము క్యాన్సర్ 8 ఎక్కువయ్యాయి. పేగు క్యాన్సర్ 6, తుంటి ఎముక విరగడం 5 తగ్గాయి.

ఆ అంకెలు చూసి కంగారుపడకండి. వాటిని ఎలా చెప్పారో గమనించండి. ఇదే ఫలితాన్ని ‘గుండె జబ్బు 29 శాతం పెరిగింది’ అని కూడా రాశారు. రెండూ ఒకే ట్రయల్‌వి. శాతాల్లో చెబితే భయమో ఆశో పుడుతుంది. పదివేలమందికి ఎంతమంది అని చెబితే నిర్ణయం తీసుకోవడం కుదురుతుంది. మందు అమ్మేవారు లాభాన్ని శాతాల్లోనూ, నష్టాన్ని ‘పదివేలలో ఒకరికి’ అనీ చెప్పడం మామూలే. రెండింటినీ ఒకే కొలతలో చెప్పమని అడగండి.

ఇక రెండో ప్రశ్న, ఏం కొలిచారు. దీన్ని జనం దాదాపు ఎప్పుడూ అడగరు. ఆస్తమా మీద 2011లో వచ్చిన ఒక చిన్న ట్రయల్ నాకు చాలా ఇష్టం. ఒకే రోగులకు వేర్వేరు రోజుల్లో అల్‌బుటెరాల్ ఇన్‌హేలర్, డమ్మీ ఇన్‌హేలర్, డమ్మీ ఆక్యుపంక్చర్ ఇచ్చారు. కొన్ని రోజులు ఏమీ ఇవ్వలేదు. ఎలా ఉందని అడిగితే మొదటి మూడింటికీ దాదాపు ఒకే జవాబు: 50, 45, 46 శాతం మెరుగు. ఏమీ ఇవ్వని రోజు 21 శాతం. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిని యంత్రంతో కొలిస్తే అసలు ఇన్‌హేలర్‌తో 20 శాతం పెరిగింది. మిగతా మూడింటితో సుమారు 7 శాతమే. రోగి తనకు బాగుందనుకుంటున్నాడు, ఊపిరి గొట్టాలు మూసుకునే ఉన్నాయి. నొప్పిలో రోగి మాటే అసలు కొలత, కాబట్టి అక్కడ డమ్మీతో పోలిక తప్పనిసరి. ఆస్తమాలో, షుగర్‌లో, క్యాన్సర్‌లో ‘హాయిగా ఉంది’ అన్న మాట ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తుంది.

తిరగేసి కూడా చూడాలి. యంత్రంలో అంకె మారినంత మాత్రాన మనిషికి మేలు జరిగినట్టు కాదు. గుండెపోటు వచ్చి తేరుకున్నవారిలో గుండె లయ తప్పితే చావు ప్రమాదం ఎక్కువని తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ లయ తప్పడాన్ని చక్కగా అణిచేస్తాయనీ తెలుసు. కాబట్టి మందు ఇస్తే బతుకుతారు! ఇంత సూటిగా ఉన్న తర్కాన్ని ఎవరు కాదంటారు? అమెరికాలో 1,498 మందితో పరీక్షించారు. మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. డమ్మీ తీసుకున్న 743 మందిలో 26 మంది. ఈసీజీ బాగుపడింది, మనుషులు పోయారు. 1989లో ఆ రెండు మందుల పరీక్షను అర్ధాంతరంగా ఆపారు.

అల్జీమర్స్ మందు ఆడుకానుమాబ్ కథ ఇటీవలిది. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుందన్న ఆధారంతో, సలహా కమిటీ వద్దన్నా, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో అనుమతినిచ్చింది. జ్ఞాపకశక్తికి ఎంత మేలన్నది తేలలేదు. కంపెనీ 2024లో దాన్ని వదిలేసింది. ‘అనుమతి వచ్చింది’ అన్నప్పుడు కూడా, ఏం కొలిచి ఇచ్చారని అడగాలి.

మీ నాన్నగారి విషయంలో ఇది ఎక్కడ తగులుతుందంటే, క్లినిక్ వాళ్లు ఎమ్మారై చూపించి ‘చూడండి, గుజ్జు పెరిగింది’ అంటారు. గుజ్జు మందం వేరు, మెట్లెక్కడం వేరు. ఆస్ట్రేలియాలో రోగి రక్తంలోంచే తీసే పీఆర్‌పీ ఇంజెక్షన్ మీద 288 మందితో చేసిన ట్రయల్ 2021లో వచ్చింది. నొప్పినీ గుజ్జునూ రెండింటినీ కొలిచారు. ఏడాది తర్వాత నొప్పి కొలబద్ద మీద పీఆర్‌పీతో 2.1 పాయింట్లు తగ్గింది. ఉప్పునీటి ఇంజెక్షన్‌తో 1.8 పాయింట్లు. గుజ్జులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉప్పునీరు గుచ్చినా నొప్పి అంత తగ్గిందన్న సంగతి గుర్తుంచుకుంటే, ఏ క్లినిక్ గోడ మీదైనా ఫోటోలూ ఉత్తరాలూ ఎలా పోగుపడతాయో అర్థమవుతుంది.

పేపర్‌లో ఉన్నవాటి కంటే లేనివే ఒక్కోసారి ఎక్కువ చెబుతాయి. డిప్రెషన్ మందుల మీద ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 ట్రయల్స్ ఏమయ్యాయో 2008లో కొందరు పరిశోధకులు వెతికారు. ఎఫ్‌డీఏ లెక్కలో 38 అనుకూలం, 36 ప్రతికూలం లేదా అనుమానం. అనుకూలమైన 38లో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో 22 అసలు అచ్చు కాలేదు, 11 అనుకూలమన్నట్టు రాసుకుని అచ్చయ్యాయి, ఉన్నదున్నట్టు రాసినవి 3. జర్నళ్లు మాత్రమే చదివే డాక్టర్‌కు వందలో తొంభైనాలుగు ట్రయల్స్ నెగ్గినట్టు కనిపిస్తుంది. వాస్తవానికి సగమే నెగ్గాయి. మూలికల మందుల్లోనూ, ఇతర ప్రత్యామ్నాయ వైద్యాల్లోనూ ఈ చెక్ చేసే అవకాశం కూడా చాలావరకు లేదు, అక్కడ ఎన్ని ట్రయల్స్ మూలన పడ్డాయో లెక్క చూసే రెగ్యులేటర్ ఫైలే ఉండదు కాబట్టి.

అందుకే ట్రయల్ మొదలుపెట్టకముందే రిజిస్టర్ చేయడం, ఏం కొలుస్తారో ముందే రాసిపెట్టడం ముఖ్యం. ఆ రిజిస్ట్రేషన్‌ను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మొదట్లో ‘ఆరు నెలలకు నొప్పి కొలుస్తాం’ అని రాసి, పేపర్‌లో ‘మూడు నెలలకు నిద్ర మెరుగైంది’ అని గొప్పగా చెప్పారంటే ఏం జరిగిందో ఊహించుకోవచ్చు.

అలాగని రిజిస్ట్రేషన్ నంబర్ చూసి మోసపోవద్దు. ఫ్లోరిడాలోని ఒక స్టెమ్ సెల్ క్లినిక్‌లో ముగ్గురు స్త్రీలు కంటి జబ్బుకు, కడుపు కొవ్వులోంచి తీసిన కణాలను రెండు కళ్లలోకీ ఎక్కించుకుని చూపు కోల్పోయారని 2017లో వైద్య జర్నల్‌లో వచ్చింది. ప్రభుత్వ రిజిస్ట్రీ సైట్‌లో కనిపించింది చూసి, అది ట్రయల్ అనుకునే వారిలో కొందరు వెళ్లారు. డబ్బు కట్టి మరీ. నిజమైన ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు రోగి చేత డబ్బు కట్టించడం చాలా అరుదు. పైగా రెండు కళ్లకూ ఒకేరోజు ప్రయోగం చేసేవారిని ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది?

ఇంకో చిన్న ఉచ్చు. మొత్తం మీద ఫలితం రాకపోతే, ‘అరవై దాటిన స్త్రీలలో మాత్రం అద్భుతం’ అని ఒక మూల గుంపును పట్టుకుంటారు. గుండెపోటులో ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడుతుందని 17,187 మందితో తేల్చిన 1988 నాటి ఐసిస్-2 ట్రయల్‌లో, ఇలాంటి గుంపు లెక్కలు అడిగినవారికి బుద్ధి చెప్పడానికి పరిశోధకులు రోగులను జన్మరాశుల వారీగా విడదీశారు. మిథున, తులా రాశుల వారికి ఆస్పిరిన్ పనిచేయనట్టు వచ్చింది! పైన చెప్పిన గ్లూకోసమైన్ ట్రయల్‌లోనూ, నొప్పి బాగా ఉన్న చిన్న గుంపులో రెండు మాత్రలూ కలిపి వాడినవారికి 79.2 శాతం, డమ్మీకి 54.3 శాతం వచ్చింది. ట్రయల్ చేసినవారే దీన్ని మళ్లీ పరీక్షించి చూడాలన్నారు. ఉత్సాహంగా ఎత్తి చూపేవారు ఆ మాట వదిలేస్తారు.

మూలికల మందు సంగతికి వద్దాం. ‘వేల ఏళ్లుగా వాడుతున్నారు’ అన్నది నాకు ఆధారం కాదు. ఐరోపాలో రెండు వేల ఏళ్లు ప్రతి జబ్బుకూ రక్తం తీసేవారు. అలాగని పాత గ్రంథాల్లో సరుకు లేదనీ అనను. మలేరియాకు ఇప్పుడు ప్రపంచమంతా వాడే ఆర్టెమిసినిన్‌కు దారి దొరికింది నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ రాసిన పుస్తకంలోనే. అక్కడ ఆర్టెమిసినిన్‌నిచ్చే మొక్కను చన్నీళ్లలో నానబెట్టి పిండమని ఉంది, మరిగించమని లేదు. వేడి వల్ల గుణం పోతోందేమోనని చైనా శాస్త్రవేత్త టు యూయూ ఆలోచించి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసి, జంతువుల్లో పరీక్షించి, తర్వాత మనుషుల్లో పరీక్షించారు. 2015లో నోబెల్ వచ్చింది. గ్రంథం దగ్గర మొదలై పరీక్ష దాకా వెళ్లిన మందు అది. మీకు పంపిన మూలికల పేపర్ ఈ దారిలో ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. గాజు పాత్రలో కణాల మీదా, ఎలుకల మీదా, మనుషుల మీదా? ఎక్కువ పేపర్లు ఎలుక దగ్గరే ఆగిపోతాయి.

మూలిక నిజంగా పనిచేస్తే దానికి సైడ్ ఎఫెక్టులూ ఉంటాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్క సారం మామూలు స్థాయి డిప్రెషన్‌లో డమ్మీ కంటే మెరుగని, మందులతో దాదాపు సమానమని 29 ట్రయల్స్‌ను కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ (ట్రయల్స్‌ను కలిపి విశ్లేషించే స్వతంత్ర సంస్థ) సమీక్ష చెప్పింది. అదే సారం కాలేయాన్ని పురిగొల్పి ఇతర మందులను త్వరగా విరిచేసేలా చేస్తుంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో తిరస్కరణను ఆపే సైక్లోస్పోరిన్ అనే మందు స్థాయి పడిపోయి కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించిన కేసులు ఉన్నాయి. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో అరిస్టోలోకియా కలిసి, స్త్రీలకు కిడ్నీలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్ వచ్చింది.

కీళ్ల నొప్పుల మందుల్లో వేరే బెడద ఉంది, మీరు జాగ్రత్తపడాల్సింది ఇక్కడే. ‘సహజం’ అని అమ్మిన ఆర్ట్రి కింగ్ అనే సప్లిమెంట్‌లో లేబుల్ మీద లేని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నాయని ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. అలాంటి మందు మొదటి రెండు మూడు రోజుల్లోనే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుంది. డైక్లోఫెనాక్‌తో బీపీ పెరగవచ్చు, కిడ్నీ దెబ్బతినవచ్చు. మూలికల మందు మరీ త్వరగా, మరీ గొప్పగా పనిచేస్తే నేను సంతోషపడను, అనుమానిస్తాను.

ఇక క్లినిక్ వాళ్లు పంపిన లింకు. స్టెమ్ సెల్స్ మీద 2023లో నేచర్ మెడిసిన్ జర్నల్‌లో ఒక పెద్ద ర్యాండమ్ ట్రయల్ వచ్చింది. నాలుగు వందలకు పైగా మోకాలి నొప్పి రోగుల్లో మూడు రకాల కణ ఇంజెక్షన్లను మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత మూడింట్లో ఏదీ దాన్ని దాటలేదు. మీకు పంపిన పేపర్‌లో పోలిక దేనితో, ఎంతమందిలో, ఎన్నాళ్లు అన్నది దీని పక్కన పెట్టి చూడండి. ఇరవైమందిని మూడు నెలలు చూసిన పేపర్ అయితే దాని బరువెంతో మీకే తెలుస్తుంది. క్లినిక్‌ను రాతపూర్వకంగా మూడు అడగండి: మీరు ఎక్కించేది పేపర్‌లో వాడిన కణాలేనా, ఆ కణాల తయారీకి డ్రగ్ రెగ్యులేటర్ అనుమతి ఉందా, పనిచేయకపోయినా నష్టం జరిగినా మీ బాధ్యత ఏమిటి. జవాబు ఫోన్‌లోనే చెబుతామంటే వదిలేయండి.

పేపర్ చదివేటప్పుడు సారాంశంలోని ఆఖరి వాక్యం మీద ఆధారపడొద్దు, అది రచయితల కోరిక. ఫలితాల పట్టిక తీసి డమ్మీ గుంపు అంకె వెతకండి. మొదలుపెట్టినవారు ఎంతమంది, చివరిదాకా ఉన్నవారు ఎంతమంది చూడండి. గుణం లేనివారే మధ్యలో మానేస్తారు. వారిని లెక్కలోంచి తీసేస్తే ఏ మందైనా మెరుస్తుంది. డబ్బు ఎవరిచ్చారో చివర్లో ఉంటుంది. కంపెనీ డబ్బు ఇచ్చినంత మాత్రాన ఫలితం అబద్ధమని కాదు, ఇంకెవరైనా అదే ఫలితం సాధించారా అని వెతకాలి, అంతే. కోక్రేన్ సమీక్ష ఉంటే ముందు అది చదవండి, సామాన్యుల కోసం రాసిన భాగం చాలు. సమీక్షలు కూడా చెత్త ట్రయల్స్‌ను కలిపి రాసినవైతే చెత్తే, అందుకే ఆధారం నాణ్యత ఎంతని వారు రాశారో కూడా చూడండి.

చికిత్స వాయిదా పడితే ఎంత నష్టమన్నది జబ్బును బట్టి మారుతుంది. నయమయ్యే అవకాశమున్న క్యాన్సర్లలో ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని మామూలు చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చిన 2018 నాటి అమెరికా అధ్యయనంలో చావు ప్రమాదం రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లకు పైగా ఉంది. ఇది ర్యాండమ్ ట్రయల్ కాదు, అలా చేయడం అన్యాయం కూడా. మోకాలి అరుగుదలలో అంత తొందర లేదు. ఆలోచించుకోవడానికి మీకు సమయం ఉంది. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు ఎక్కువైతే తగ్గడం, ఈ రెండింటికీ స్టెమ్ సెల్స్ కంటే గట్టి ఆధారాలున్నాయి. ఎవరూ వాటి లింకులు పంపరు, ఎందుకంటే అందులో అమ్మడానికి ఏమీ లేదు.

మూలికల మందు నాన్నగారు ఇప్పటికే మొదలుపెట్టారేమో మీరు రాయలేదు. మొదలుపెట్టి ఉంటే, నొప్పి ఎన్నిరోజుల్లో తగ్గిందో, షుగర్, బీపీ అంకెలు అప్పటి నుంచి ఎలా ఉన్నాయో రాసుకుని, ఆ సీసా లేదా పొట్లాంతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి. వారాల తరబడి వాడి ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించవద్దు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటే, హఠాత్తుగా మానేసినప్పుడు శరీరం తన సొంత హార్మోన్‌ను వెంటనే తయారుచేసుకోలేక బీపీ పడిపోయి, వాంతులు, విపరీతమైన నీరసం రావచ్చు. ఎలా తగ్గించుకుంటూ మానాలో డాక్టరే చెప్పాలి.